పెద్దబాపుకు వేరే గిన్నె పెట్టని దసరా

మా ఇంట్ల దసరాకు పెద్దబాపు కోసమని వేరే గిన్నె పొయ్యి మీదికి ఎక్కదు. గుండె వీకైంది, ఉప్పు తగ్గించాలని ఆయనకు డాక్టర్ చెప్పినప్పటి సంది నేను, మా ఇంటామె పట్టుకున్న నియమం ఇదే. అందరి విస్తారిల ఏముంటదో ఆయన విస్తారిల అదే ఉండాలె. అందరితోని ఒక్క బంతిల కూసొని తినాలె. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతనే.

ఇప్పుడు రాసుడు ఎందుకంటే, పండుగ దగ్గరికి వస్తుంటే తెలిసినోళ్లు ఫోన్లు చేస్తున్నరు. "మా నాయినకు గూడ గుండె వీకన్నరు, పండుగనాడు ఏం పెట్టాలె?" అని. చాలా ఇండ్లల్ల ఏం జరుగుతదో నేను చూసిన. అందరికీ బగార, యాటకూర, గారెలు. ఆ పెద్దమనిషి ముందట మాత్రం ఉప్పు లేని పప్పు, రెండు పుల్కలు. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటడు. పగటీలి అందరు ఒరిగినంక మెల్లగ వంటింట్లకు పోయి తొక్కు జాడి మూత తీస్తడు. ఆయన మీద కోపం చేసి ఏం ఫాయిద? ఇన్నేండ్లు ఇంటికి పెద్దగ ఉన్న మనిషిని పండుగనాడు బంతిల నుంచి లేపి పక్కకు కూసోవెట్టింది మనమే కదా.

మా పెద్దబాపు మా బాపుకు అన్న. బాపు పోయినంక మాకు పెద్దదిక్కు ఆయనే. పరకాల దగ్గర మా ఊర్ల పత్తి, వరి ఎవుసం చేసిండు. కొడుకులు ఒకరు హైదరాబాద్ల, ఒకరు దుబాయ్ల. అందుకే దసరాకు ఆయన, పెద్దమ్మ హన్మకొండల మా ఇంటికే వస్తరు. సద్దుల బతుకమ్మకు ముందే దిగుతరు, జమ్మి పంచుకున్నంక గాని పోరు.

ఆయనకు గుండె బలం తగ్గింది. పంపింగ్ తక్కువున్నదని డాక్టర్లంటరు. దానికీ ఉప్పుకూ ఏం సంబంధమని పెద్దబాపే నన్ను అడిగిండు. నాకు సమజైనంత చెప్పిన. ఉప్పు ఎక్కడుంటే నీళ్లు అక్కడ ఆగుతయి. తిన్న ఉప్పు నెత్తుట్ల కలిస్తే దాని ఎంబడి నీళ్లు గూడ పెయ్యిల నిలుస్తయి, నరాలల్ల పారే నెత్తురు పెరుగుతది. మంచి గుండె ఆ బరువును తోస్తది, ఎక్కువైన నీళ్లను కిడ్నీలు బయటికి పంపుతయి. అలిసిన గుండెకు అంత తోసుడు చాతగాదు. అప్పుడే పాదాలు ఉబ్బుడు, మెట్లెక్కితే దమ్ము, రాత్రి ఎల్లెలుకల పండుకుంటే ఊపిరి ఆడకపోవుడు. "అరిగిన మోటరుకు ఇంకో ఎకరం అంటగట్టినట్టు అన్నమాట" అన్నడు ఆయన. అంతకంటె మంచిగ నేను గూడ చెప్పలేను.

ఇగ లెక్క కాడికి వస్త. డాక్టర్ రాసింది దినానికి 2 గ్రాముల సోడియం. దాన్ని 2 గ్రాముల ఉప్పు అనుకొని బెంగపడేటోళ్లున్నరు. ఉప్పుల సోడియం ఉండేది 40 శాతమే. అంటే 2 గ్రాముల సోడియం అంటే 5 గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ రోగం లేని పెద్దోళ్లకు గూడ దినానికి 5 గ్రాముల లోపే ఉప్పు తినమని చెప్తది. చాయ చెంచాతోని గీసి కొలిస్తే చెంచాకు కొంచెం తక్కువ. అయితే ఆ ఐదు గ్రాములు మొత్తం మన చేతుల ఉండవు. పాలు, పెరుగు, మాంసం, ఆకుకూరలు, వీటన్నిట్ల పుట్టుకతోనే కొంత సోడియం ఉంటది. 100 గ్రాముల యాటమాంసంల 70 మిల్లీగ్రాముల దరిదాపు, ఒక కోడిగుడ్డుల ఇంచుమించు అంతే. దినమంతా తినేవాటిల అట్ల నాలుగైదు వందల మిల్లీగ్రాములు పోతయనుకుంటే, మనం చేతితోని వేసుకోను మిగిలేది మూడున్నర గ్రాములకు కొంచెం ఎక్కువ ఉప్పు, మేం మూడున్నరనే లెక్క పెట్టుకుంటం.

ఆ మూడున్నర గ్రాములను పండుగ దినానికి మేం ముందే పంచి పెడ్తం. పొద్దుగాల పలారానికి అర గ్రాము. పగటి బువ్వకు రెండు గ్రాముల లోపు. రాత్రికి పెరుగన్నంల చిటికెడు. మిగిలింది బయట చేతిల పడే ప్రసాదానికి, జమ్మి పెట్టపోయినప్పుడు ఎవరన్న పెట్టే దానికి. ఇట్ల పంచుకోకపోతే పొద్దుగాల చట్నీలనే సగం అయిపోతది, పగటి కూర కాడ మనిషిని ఆపాల్సి వస్తది. పండుగ నాడు ఆపాల్సింది పగటి కూరను కాదు.

కొలుచుడు కోసం గ్రాములల్ల పాయింట్లు చూపెట్టే చిన్న డిజిటల్ త్రాసు తెచ్చిన. చాన మందికి ఇది ఎక్కువ అనిపిస్తది గని, చిటికెడు అనేది ఒక్కొక్కరి వేళ్లకు ఒక్కో తీరు. దొడ్డుప్పుకూ మెత్తుప్పుకూ చెంచాల పట్టే బరువు ఒక్కటి కాదు. బరువు చూస్తే పంచాది ఉండదు.

వంట మొదలుపెట్టకముందు అలమార ఒకసారి ఖాళీ చేసి చూసుకోవాలె. ఉప్పు డబ్బ ఒక్కటే కాదు ఉప్పు ఉండేది. దుకాణంల అమ్మే అల్లం ఎల్లిగడ్డ ముద్దల ఉప్పుంటది, పాడుగాకుండ వేస్తరు. కొన్ని తయారు మసాలా పొడులల్ల గూడ ఉంటది. పొట్లం వెనుక తిప్పి చూస్తే 100 గ్రాములకు ఎన్ని మిల్లీగ్రాముల సోడియమో రాసి ఉంటది, చదివి కొనాలె. అప్పడాలల్ల ఉప్పు ఒకటి, ఖారం అని వేసే సోడ తీరు పొడి ఇంకొకటి, రెండిట్లనూ సోడియమే. వంటసోడ సంగతి చానమందికి తెలువదు. అది ఉప్పగ ఉండదు కాబట్టి లెక్కల్లకు రాదు. ఒక చాయ చెంచా వంటసోడల దగ్గర దగ్గర 1,250 మిల్లీగ్రాముల సోడియం ఉంటది. గారెలు పొంగాలని, మురుకులు కరకరమనాలని మనం వేసే సోడ గుండెకు ఉప్పుతోని సమానమే. పండుగ బువ్వ తిన్నంక కడుపుబ్బరమని నీళ్లల్ల కలుపుకొని తాగే నురుగు పొడులు గూడ సోడ మీదనే నడుస్తయి. మా పెద్దబాపుకు ఆ అలవాటుండె. ఇప్పుడు జిలుకర నీళ్లు, లేకుంటే నోట్లె ఇంత వాము.

ఇంకో రెండు సంగతులు, ఇవి పైలంగ చదవండి. పెద్దమ్మకు ఎవరో సైంధవ లవణం మంచిదని చెప్పిండ్రు. అది గూడ సోడియం క్లోరైడే, రంగు వేరే, ధర వేరే, అంతే. గుండెకు ఏ తేడా లేదు. దుబాయ్ల ఉన్న తమ్ముడు ప్రేమతోని ఒక ఉప్పు డబ్బ పంపిండు, 'సోడియం తక్కువ' అని దాని మీద రాసి ఉన్నది. చదివి చూస్తే దాంట్ల సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలిపిండ్రు. ఆరోగ్యంగ ఉన్నోళ్లకు అది మంచిదే కావచ్చు. కని గుండెకు, బీపీకి ఇచ్చే కొన్ని గోళీలు పెయ్యిల పొటాషియంను బయటికి పోనియ్యవు. ఆ గోళీలు మింగుకుంట ఈ ఉప్పు తింటే పొటాషియం పెరిగి గుండె కొట్టుకునే తీరే తప్పుతది, పానం మీదికి వస్తది. కిడ్నీ జబ్బున్నోళ్లకు గూడ అంతే. పెద్దబాపు వేసుకునేటియి అసోంటి గోళీలే. డాక్టర్ను అడిగితే ఆ డబ్బ ముట్టొద్దన్నడు. తమ్మునికి ఫోన్ల మంచిమాటతోనే చెప్పిన, మనసు నొచ్చుకోలే.

ఇప్పుడు పండుగ విస్తారి.

నాకు దారి చూపింది తెల్లన్నం. దినాం తినే తెల్లన్నంల మనం ఉప్పు వెయ్యం. ఎవరూ సప్పగున్నదని అనరు. కూరల ఉప్పుంటది, అన్నంతోని కలిసి నోట్లెకు పోతది, సరిపోతది. మరి బగారల ఉప్పెందుకు? గారెల్లల ఎందుకు? జొన్నరొట్టెల ఎందుకు? విస్తారిల ఉన్న ప్రతిదాంట్ల ఉప్పు వేసుడు మనకు అలవాటు, అవసరం కాదు. అందుకే మేం విస్తారిని రెండుగ చేసినం. ఒకటి కూర దిక్కు, రెండోది అన్నం దిక్కు. ఉప్పు కూర దిక్కే పోతది. అన్నం, గారె, రొట్టె అన్నిట్ల సున్న.

బగార అన్నం ఉప్పు లేకుండ మంచిగనే వస్తది, వాసన పట్టిస్తే. నూనెల బిర్యానాకు, లవంగాలు, దాల్చినచెక్క, షాజీర, నిలువుగ కోసిన ఉల్లిగడ్డ ఎర్రగ అయ్యేదాక. పచ్చిమిర్చి చీలికలు, ఇంట్ల నూరిన అల్లం ఎల్లిగడ్డ, పుదీన, కొత్తిమీర పిడికెడు పిడికెడు. ఎసరు మరిగేటప్పుడు సగం నిమ్మకాయ పిండుత. బియ్యం పొడిపొడిగ ఉంటయి, ఆ పులుపు ఉప్పు లేని లోటును కొంత కప్పుతది.

యాటకూర గురించి జర ఎక్కువ చెప్పాలె, పండుగంటే మాకు అదే. 2025ల దసరా అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడే పడ్డది. ఆనాడు మాంసం దుకాణాలు బంద్, అందుకని చానమంది ముందు దినమే తెచ్చుకున్నరు. మేం గూడ తెచ్చినం. కొవ్వు తీసేయించి కిలోన్నర. రాత్రంతా పెరుగు, పసుపు, ఇంట్ల నూరిన అల్లం ఎల్లిగడ్డ పట్టించి ఫ్రిజ్ల పెట్టినం, ఉప్పు రవ్వంత గూడ వెయ్యలే. మామూలుగ అయితే మాంసానికి ఉప్పు పసుపు పట్టించుడుతోనే పని మొదలు. కని ముక్క లోపటికి పోయిన ఉప్పు నాలుకకు అంతగ తెలువదు, పెయ్యికి మాత్రం మొత్తం చేరుతది. పెరుగు పులుపు ముక్కను మెత్తబెడ్తది, ఒక రాత్రి నానితే ఇంకా మంచిగుంటది. ఈ పద్ధతి నాకు ఎంత నచ్చిందంటే ఇప్పుడు ఎప్పుడు యాటకూర వండినా ముందురాత్రే నానబెడ్తున్న.

తెల్లారి ధనియాలు, ఎండుకొబ్బరి, గసాలు, నాలుగు లవంగాలు, చిన్న మంట మీద విడివిడిగ వేయించి రోట్ల నూరిన. మిక్సీల వేస్తే గూడ అయితది, నూరితే వాసన ఎక్కువ నిలుస్తదని నా నమ్మకం. ఉల్లిగడ్డను తొందరపడకుండ ఎర్రగ కమిలేదాక వేయించాలె. ఉప్పు తక్కువున్న కూరకు ఆ కమిలిన తీపే బలం. మిర్చి మాది చపాట. నర్సంపేట దిక్కు పండే ఈ దొడ్డు మిరపకాయకు టమాట మిర్చి అని గూడ పేరు, 2025లనే దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. రంగు నెత్తురు తీరు ఉంటది, కారం తక్కువ. అందుకే ధారాళంగ వెయ్యొచ్చు. పులుసు చిక్కగ, ఎర్రగ కండ్లకు నిండుగ కనవడ్తది. సప్పగున్నదన్న అనుమానం చూసినప్పుడే రావొద్దు కదా.

దించేముందు పుంటికూర. వేరే గిన్నెల కొంచెం నూనెల మగ్గబెట్టి ముద్ద చేసి కలపాలె. పుంటికూర పులుపు కూరల ఉప్పు చెయ్యాల్సిన పనిల సగం తన మీద వేసుకుంటది. కిడ్నీ జబ్బున్నోళ్లకు ఆకుకూరలు, కొబ్బరి, టమాట లెక్క వేరే ఉంటది, పొటాషియం ముచ్చట కాబట్టి. వాళ్లు వాళ్ల డాక్టర్ను అడగందే వండొద్దు. పెద్దబాపు నెత్తురు పరీక్షలు చూసి మాకు డాక్టర్ పుంటికూర తినొచ్చన్నడు. మాంసం గూడ కొవ్వు లేకుండ నాలుగైదు ముక్కలదాక చాలన్నడు.

పొయ్యి బంద్ చేసినంక ఉప్పు. ఎనిమిది మందికి కిలోన్నర కూర, మామూలుగ మూడు చెంచాలు పడేది. గీసిన చెంచా ఒక్కటే వేసిన, త్రాసు మీద ఐదున్నర గ్రాములు. మనిషికి ముప్పావు గ్రాము గూడ రాదు. చివర వేసిన ఉప్పు ముక్కలల్లకు పోకుండ పులుసులనే ఉంటది, ముద్ద నోట్లె పెట్టంగనే నాలుకకు తగుల్తది.

పెద్దమ్మను పిలిచి ఉప్పు చూడమన్న. మా ఇంట్ల ఉప్పు చూసుడంటే గంటెతోని అరచేతుల చుక్క వేసుకొని నాకుడే. ఆమె నాకి, కండ్లు మూసుకొని, "తక్కువైంది బిడ్డా" అన్నది. నేను ఉప్పు డబ్బ దిక్కు పోలే. నిమ్మకాయ కోసి సగం పిండిన, కొత్తిమీర చల్లిన, ఒకసారి కలిపి మళ్ల ఆమె అరచేతుల వేసిన. ఈసారి రెండుసార్లు నాకింది. "ఇప్పుడు కూడింది. ఏం వేసినవ్?" అన్నది. నిమ్మకాయ పెచ్చు చూపెట్టిన. అప్పటి నుంచి పెద్దమ్మ ఊర్ల పప్పుల, కూరల ఇదే చేస్తున్నది. ఉప్పు తక్కువనిపించినప్పుడల్ల ముందు పులుపు వేసి చూస్తది, తర్వాతనే ఉప్పు సంగతి.

గారెలకు మినుపపప్పు మంచిగ నానబెట్టి, నీళ్లు పొయ్యకుండ రుబ్బి, చేతితోని చాన సేపు గిలకొట్టాలె. గాలి పట్టిన పిండి నీళ్లల్ల వేస్తే తేలుతది, అప్పుడు సోడ అక్కెర రాదు. అల్లం, పచ్చిమిర్చి, జిలుకర, కల్యామాకు వేసి, ఉప్పు వెయ్యకుండనే కాల్చినం. ఉప్పు లేని గారె వట్టిగ తింటే సప్పగనే ఉంటది, అబద్ధం చెప్పను. యాటకూర పులుసుల ముంచి తినేది కాబట్టి నడుస్తది. వట్టి గారెలు ఇష్టమున్న పిల్లల కోసం చివరి వాయి పిండిల కొంచెం ఉప్పు కలిపినం.

పచ్చిపులుసు లేకుండ మా పెద్దబాపు బువ్వ తినడు. నిప్పుల మీద కాల్చిన పచ్చిమిర్చి, చింతపండు పులుసు, సన్నగ కోసిన ఉల్లిగడ్డ, దంచిన జిలుకర, వేయించిన నువ్వుల పొడి. ఇది ఉప్పు తక్కువకు పుట్టిన వంట. పులుపు, కాలిన వాసన, నువ్వుల కమ్మదనం మూడు కలిస్తే రవ్వంత ఉప్పు సరిపోతది. కష్టమేందంటే ఆయన గిలాసల పోసుకొని తాగుతడు. డాక్టర్ నీళ్లకు గూడ లెక్క పెట్టిండు, దినానికి లీటరున్నర. చాయ, సల్ల, పచ్చిపులుసు అన్నీ ఆ లీటరున్నరలకే వస్తయి. అందుకని నీళ్లు తగ్గించి చిక్కగ చేసినం, చిన్న గిన్నెల పోసినం. దానికి ఆయన ఏమనలే. తాగే నీళ్లల్ల తగ్గించుకున్నడు.

తొక్కు విషయంల ఆశ పెట్టుకోవద్దు. నిల్వ తొక్కుల ఉప్పు రుచి కోసం కాదు, బూజు పట్టకుండ ఆపేది అదే. దాన్ని తగ్గిస్తే తొక్కు పాడైతది. కాబట్టి జాడి బంతిలకు రాదు, ఎవ్వరికీ రాదు. దాని జాగల అప్పటికప్పుడు నూరిన టమాట, పచ్చిమిర్చి తొక్కు. టమాటను నిప్పుల మీద తొక్క కమిలేదాక కాల్చి, నువ్వులు, ఎల్లిగడ్డ వేసి నూరితే, విస్తారిల ఎర్రగ ఒక మూలకుంటే, తొక్కు లేదన్న లోటు ఉండదు. అప్పడాలు పూరాగ మానేసినం.

ఇగ ఉప్పు పొట్లం. నా దృష్టిల మొత్తం పండుగల ముఖ్యమైనది ఇదే. త్రాసు మీద అర గ్రాము మెత్తుప్పు తూచి, చిన్న కాగితంల మడిచి పెద్దబాపు విస్తారి పక్కన పెట్టిన. "ఇది నీ ఉప్పు. ఎక్కడ చల్లుకుంటవో నీ ఇష్టం" అన్న. వండేటప్పుడు వేసిన ఉప్పు ఎవరో నిర్ణయించింది. ఇది ఆయన నిర్ణయించేది. మీద చల్లుకున్న ఉప్పు నాలుకకు ముందు తగుల్తది కాబట్టి అర గ్రాము గూడ ఎక్కువ లెక్క రుచి ఇస్తది. ఆయన పొట్లం విప్పి, వేలితోని అద్ది, గారె మీద ఇంత, పుంటికూర ముక్క మీద ఇంత చల్లుకున్నడు. కొంచెం మిగిలితే మడిచి అంగి జేబుల పెట్టుకున్నడు, రాత్రి పెరుగన్నానికని.

బంతిల అందరి నడుమ ఒక గిన్నెల ఉప్పు పెట్టినం, కావాల్సినోళ్లు వేసుకుంటరని. ఆయన దాని దిక్కు చూసి, "నా కొరకు మీ నోర్లెందుకు సప్పజేసుకుంటరురా" అన్నడు. మా ఇంటామె వడ్డిస్తున్నది. "సప్పగేం లేదు మామా, మీరు తిని చెప్పుండ్రి" అన్నది. పిల్లలు గిన్నె అందుకొని వేసుకున్నరు, మా బావ వేసుకున్నడు. నేను వేసుకోలే. నాకు గూడ బీపీ మొదలైంది, డాక్టర్ చెప్పకముందే నేర్చుకుంటే మంచిదని. మొదట్ల కష్టమే, కొన్ని వారాలకు నాలుక మారుతది. ఇప్పుడు బయట హోటల్ల తింటే నాకే ఉప్పు కసిగ తగుల్తది.

సద్దుల ముచ్చట గూడ చెప్పాలె. దసరాకు ముందే సద్దుల బతుకమ్మ. పెద్దమ్మ, మా ఇంటామె పద్మాక్షి గుట్ట కాడికి పోతరు. సద్దులల్ల నువ్వుల సద్ది, కొబ్బరి సద్దికి ఉప్పు తక్కువైనా ఏం కాదు, నువ్వులు దోరగ వేగితే చాలు. చింతపండు, నిమ్మకాయ సద్దులకు పులుపే రుచి. పెరుగు సద్దిల అల్లం తురుము, దానిమ్మ గింజలు వేస్తే చాన మంచిగుంటది. మలీదకు చపాతి పిండిల ఉప్పు వెయ్యొద్దు, బెల్లం నెయ్యి చాలు. పెద్దబాపుకు షుగర్ లేదు కాబట్టి ఆయనకు మలీద ముద్ద మీద కట్టడి లేదు. ఇతర ఇండ్లోళ్లు పంచిన సద్దులు ఇంటికి తెస్తరు. అవి ప్రసాదం, వద్దనొద్దు. ఒక్కొక్కటి వేలితోని ముట్టి నోట్లె వేసుకుంటే లెక్క తప్పేంత ఉప్పు పోదు. పిడికెళ్లకు పిడికెళ్లు తింటేనే కష్టం.

దసరా పొద్దుగాల సర్వపిండి. బియ్యప్పిండిల పల్లీలు, నువ్వులు, నానిన శెనగపప్పు, ఉల్లాకు, పచ్చిమిర్చి. అంచు కరకరలాడేదాక చిన్న మంట మీద కాల్చాలె. పిండి మొత్తానికి రెండు గ్రాముల ఉప్పు వేసినం, నాలుగు పిండ్లు వచ్చినయి. డబుల్ రొట్టె, చాయల ముంచే ఉప్పు బిస్కెట్ల కంటె ఇది వెయ్యిరెట్లు నయం.

ఇంటి దాకా మన చేతుల ఉంటది, బయట ఉండదు. సాయంత్రం ఉర్సుగుట్ట రంగలీల మైదానంల రావణవధ చూడపోతే దారి పొడుగూత మిర్చి బజ్జీలే. పెద్దబాపుకు పల్లికాయ ఉడుకవెట్టింది ఇష్టం. ఉడుకవెట్టేటప్పుడు బండ్ల మీద ఉప్పు బాగ వేస్తరు. మేం ఇంట్లనే ఉప్పు లేకుండ పల్లికాయ ఉడుకవెట్టి సంచిల తీస్కపోయినం, మైదానంల కూసొని అందరం తిన్నం. జమ్మి పెట్టపోయే ఇండ్లకు నేను ముందురోజే ఫోన్ చేసి చెప్పిన, "పెద్దబాపు వస్తడు, పలారం బదులు పండో, పాయసమో పెట్టుండ్రి" అని. ఎవరూ తప్పుగ అనుకోలే. ముందే చెప్తే సంతోషంగ చేస్తరు. వాళ్లు సకినాలు పళ్లెంల పెట్టినంక వద్దంటేనే వాళ్లకూ మనకూ ఇబ్బంది.

ఒకటి మరువొద్దు, నీళ్ల గోళి, అంటే పెయ్యిల ఆగిన నీళ్లను ఒంటిల బయటికి పంపే గోళి. ఊరి నుంచి బస్సుల వచ్చేటప్పుడు మాటిమాటికి ఒంటికి పోవాల్సి వస్తదని పెద్దోళ్లు ఆ గోళి వేసుకోకుండ బయలెల్తరు. పండుగల తిండి ఎక్కువ, గోళి తక్కువ అయితే నీరు చేరుడు ఖాయం. మేం డాక్టర్ను అడిగినం. ప్రయాణం నాడు ఇల్లు చేరినంక వేసుకోమన్నడు, మానొద్దన్నడు. మీ ఇంట్ల గూడ అడిగి పెట్టుకోండి, మీ అంతట మీరు మార్చొద్దు.

పండుగ తెల్లారి నుంచి ఒక నాలుగు రోజులు పొద్దుగాల ఒంటికి పోయొచ్చినంక, ఏమీ తినకముందు బరువు చూసి గోడ మీది క్యాలెండర్ల రాయాలె. రెండు మూడు రోజులల్ల రెండు కిలోలు పెరిగితే, లేకుంటే పాదం మీద వేలు నొక్కితే గుంట పడితే, దమ్ము వస్తే, ఆగకుండ డాక్టర్కు ఫోన్. కొవ్వు అంత జల్ది పెరగదు, అది నీరే. పోయిన దసరా తర్వాత పెద్దబాపు బరువు అట్లనే ఉన్నది, కాళ్లు ఉబ్బలే.

ఈసారి హైదరాబాద్ అన్న పిల్లలతోని వస్తనన్నడు. మాంసం రెండు కిలోలకు చెప్పి పెట్టిన, పుంటికూర ఆరు కట్టలు. చపాట కారం పట్టించి డబ్బల పోసి పెట్టినం. పెద్దబాపు నెత్తురు పరీక్ష పండుగకు వారం ముందు చేయించాలె, పొటాషియం చూపెట్టుకోవాలె. ఉప్పు చెంచా మీద పావు చెంచా వేస్త. పొట్లం ఈసారి రెండు కట్టాలె, అన్నకు గూడ బీపీ వచ్చిందట.